శిక్షణ ముగిశాక ఏం మిగులుతుంది? కొల్లేటి సీమ ప్రాథమిక బడుల్లో అన్వేషణాత్మక విజ్ఞాన బోధన: ఆధారాల పరిశీలన

1. పరిశీలన పరిధి

పిల్లల చేత ప్రశ్న వేయించి, ఊహ చెప్పించి, ఆ ఊహను పరీక్షింపజేసి, కంటికి కనబడిన ఆధారం మీద మాట్లాడించే బోధనను ఈ వ్యాసంలో అన్వేషణాత్మక బోధన అంటున్నాం. ఈ పద్ధతిలో ప్రాథమికోపాధ్యాయులకు తర్ఫీదు ఇవ్వాలన్న మాట ఆంధ్రప్రదేశ్‌లో సుమారు నలభై ఏళ్ళుగా వినిపిస్తోంది. శిక్షణ తరగతులు జరిగాయనడానికి ఉత్తర్వులు, కరదీపికలు సాక్ష్యం చెబుతాయి. ఆ శిక్షణ బడి గదిలోకి ఎంతవరకు చేరిందన్నది వేరే ప్రశ్న. దానికి వేరే రకం సాక్ష్యం కావాలి.

ఏలూరు, తాడేపల్లిగూడెం పట్టణాలు, వాటికి దిగువన కైకలూరు, మండవల్లి, ఆకివీడు, నిడమర్రు, భీమడోలు మండలాల కొల్లేటి గ్రామాలు ఇక్కడి పరిధి. ఆధారాలు మూడు రకాలు: (అ) విధాన పత్రాలు, చట్టాలు, (ఆ) ప్రచురితమైన మూల్యాంకనాలు, క్షేత్ర ప్రయోగాలు, (ఇ) ఈ ప్రాంతపు భౌగోళిక, పరిపాలనా వివరాలు. మొదటి రకం ఆధారం ఉద్దేశాన్ని మాత్రమే రుజువు చేస్తుంది. రెండో రకంలో అధిక భాగం ఈ ప్రాంతానికి వెలుపల జరిగినది. దాన్ని యథాతథంగా ఇక్కడికి వర్తింపజేయలేం. ఈ రెండు పరిమితులూ చివరి దాకా వర్తిస్తాయి.

2. మూలాలు: మూడు వాదాలు

2.1. మొదటి వాదం ప్రకారం ఈ పద్ధతికి రాష్ట్రంలో నాంది ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం, అంటే ఏపీపీఈపీ. బ్రిటిష్ ప్రభుత్వ సహాయంతో నడిచిన ఈ పథకపు తొలి దశ ఆరంభాన్ని కొన్ని రచనలు 1983గా, మరికొన్ని 1984గా పేర్కొంటాయి. ఒప్పంద సన్నాహాల నుంచి లెక్కించేవారికీ, బడుల్లో పని మొదలైన నాటి నుంచి లెక్కించేవారికీ మధ్య ఈ ఏడాది తేడా వచ్చి ఉండవచ్చు. తొలి దశ 1987లో ముగిసిందనీ, విస్తరణ దశ 1989 నుంచి 1996 వరకు సాగిందనీ చెప్పడంలో పెద్ద భేదం లేదు.

ఈ పథకానికి ఆరు బోధనా సూత్రాలు ఆధారం: ఉపాధ్యాయుడే కృత్యాలు రూపొందించడం, చేయడం, కనుగొనడం, ప్రయోగం చేయడం ద్వారా నేర్పడం, వ్యక్తిగతంగా, జట్టుగా, తరగతి మొత్తంగా పని చేయించడం, పిల్లల మధ్య తేడాలకు తగినట్టు బోధించడం, స్థానిక పరిసరాలను వాడుకోవడం, పిల్లల పనిని ప్రదర్శించి తరగతి గదిని ఆసక్తికరంగా ఉంచడం. వీటిలో రెండోది, అయిదోది అన్వేషణాత్మక బోధనకు నేరుగా సంబంధించినవి. ఉపాధ్యాయులు తరచు కలుసుకుని అనుభవాలు చెప్పుకోవడానికి ఉపాధ్యాయ కేంద్రాలు ఈ పథకంలో అంతర్భాగం. కాబట్టి, శిక్షణ తర్వాత తోడ్పాటు కావాలన్న ఆలోచన తర్వాతి కాలంలో వచ్చి చేరిందనడం సరికాదనిపిస్తుంది.

2.2. రెండో వాదం మూలాన్ని రాష్ట్రం వెలుపల, ఇంకా వెనక్కి జరుపుతుంది. మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 1972లో 16 మాధ్యమిక పాఠశాలల్లో మొదలైన విజ్ఞాన బోధనా కార్యక్రమం 1978లో జిల్లా మొత్తానికి విస్తరించింది. దాని కొనసాగింపు కోసం 1982లో ఏకలవ్య సంస్థ ఏర్పడింది. మన దేశంలో ప్రభుత్వ బడుల్లో ప్రయోగం ద్వారా విజ్ఞాన బోధన సాధ్యమేనని పెద్ద ఎత్తున చూపిన తొలి ప్రయత్నాల్లో ఇది ముఖ్యమైనదన్న విషయంలో ఏకాభిప్రాయం కనిపిస్తుంది. అయితే అది 6 నుంచి 8 తరగతులకు సంబంధించినది. ప్రాథమిక తరగతుల ఏపీపీఈపీకి అది నేరుగా మాతృక అయిందని చెప్పడానికి తగిన ఆధారం కావాలి. ఏపీపీఈపీ సూత్రాల్లో 1967 నాటి బ్రిటిష్ ప్లౌడెన్ నివేదిక పోలికలు ఎక్కువన్న అభిప్రాయమే బలంగా తోస్తుంది.

2.3. మూడో వాదం చట్టబద్ధతను ప్రమాణంగా తీసుకుంటుంది. జాతీయ విద్యా ప్రణాళిక చట్రం 2005 విజ్ఞాన బోధనలో అన్వేషణకు పెద్దపీట వేసింది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్, కృత్యాలు, కనుగొనడం, అన్వేషణల ద్వారా నేర్చుకోవడాన్ని బోధన పరిగణించవలసిన అంశాల్లో చేర్చింది. 2011 నాటి రాష్ట్ర విద్యా ప్రణాళిక పరిధి పత్రం తర్వాత వచ్చిన విజ్ఞాన పాఠ్యపుస్తకాల్లో ‘ప్రశ్నించడం, పరికల్పన చేయడం’, ‘ప్రయోగాలు, క్షేత్ర పరిశీలనలు’ అన్నవి విద్యా ప్రమాణాలుగా చోటు చేసుకున్నాయి.

ఈ మూడు వాదాలూ పరస్పర విరుద్ధాలు కావు. మొదటిది ఉపాధ్యాయుడి అనుభవానికీ, రెండోది ఆలోచన చరిత్రకూ, మూడోది బాధ్యత ఎప్పుడు మొదలైందన్న దానికీ సమాధానం. ఈ వ్యాసానికి మొదటిదే ఎక్కువ ఉపయోగం. ఎందుకంటే, ఈ ప్రాంతపు సీనియర్ ఉపాధ్యాయుల తరం కృత్యాధార బోధన అన్న మాటను తొలిసారి విన్నది ఆ కాలంలోనే అనుకోవడానికి కాలక్రమం అనుకూలిస్తోంది.

3. శిక్షణ మాత్రమే ఇచ్చినప్పుడు ఏం జరిగింది?

3.1. ఏపీపీఈపీ ఫలితాలను ససెక్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు విశ్లేషించారు. వారి వ్యాసాల్లో 1996లో అచ్చయినది, ఇంత పెద్ద పథకపు గణాంకాలను ఎలా అర్థం చేసుకోవాలన్నదాన్నే చర్చనీయాంశంగా తీసుకుంది. ఆ పథకం మీద వచ్చిన రచనల నుంచి మొత్తంమీద అందే చిత్రం ఇది: అమలు బడిబడికీ తేడాగా ఉంది, గోడలకు చార్టులు, పిల్లల బొమ్మలు, జట్లుగా కూర్చోబెట్టడం వంటి కంటికి కనిపించే మార్పులు ముందుగా వచ్చాయి, పిల్లవాడి ఆలోచనను బట్టి పాఠాన్ని మలచడం అంత తేలికగా రాలేదు. దీన్ని ఉపాధ్యాయుల అశ్రద్ధగా చదవడం న్యాయం కాదు. చార్టు అతికించడాన్ని శిక్షణ ఇచ్చే రిసోర్స్ పర్సన్ ఒక పూటలో చూపించగలడు. పిల్లవాడు అనుకోని ప్రశ్న వేసినప్పుడు ఏం చేయాలో ఒక పూటలో చూపించలేడు.

3.2. తర్వాతి శిక్షణల్లో అధిక భాగం అంచెల పద్ధతిలో నడిచింది: రాష్ట్ర స్థాయి బృందం జిల్లా బృందానికి, వారు మండల రిసోర్స్ పర్సన్లకు, వారు ఉపాధ్యాయులకు. 2019 ఆగస్టు 21న మొదలైన నిష్ఠా కార్యక్రమం దేశవ్యాప్తంగా సుమారు 42 లక్షల మంది ఎలిమెంటరీ స్థాయి ఉపాధ్యాయులను లక్ష్యంగా పెట్టుకుంది. కరోనా కాలంలో అది దీక్షా వేదిక మీద ఆన్‌లైన్‌లోకి మారింది. ఇంత మందిని చేరడానికి అంచెల పద్ధతి గాని, ఆన్‌లైన్ గాని తప్పనిసరి కావచ్చు. కానీ అంచె మారినకొద్దీ మొదట జారిపోయేది ప్రయోగం చేసి చూసే సమయమే అన్నది అనేక దేశాల అనుభవం.

3.3. శిక్షణకు బదులు సమాచారం ఇస్తే సరిపోతుందా అన్న ప్రశ్నకు మన రాష్ట్రం నుంచే ఒక కీలక ఆధారం ఉంది. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ గ్రామీణ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో యాదృచ్ఛిక ఎంపికతో చేసిన అధ్యయనం 2010లో ప్రచురితమైంది. పిల్లలు ఎక్కడ వెనుకబడ్డారో వివరించే నివేదికలు ఉపాధ్యాయులకు అందించి, తరగతులను అప్పుడప్పుడు పరిశీలించారు. పరిశీలకులు ఉన్నప్పుడు ఆ ఉపాధ్యాయులు మరింత చురుకుగా బోధించినట్టు నమోదైంది. సంవత్సరాంతంలో పిల్లల మార్కుల్లో మాత్రం తేడా కనిపించలేదు.

ఈ ఫలితాన్ని ఇక్కడ వాడుకోవడంలో రెండు జాగ్రత్తలు అవసరం. ఒకటి, ఆ పరీక్షలు గణితం, భాషల్లో జరిగాయి, విజ్ఞానంలో కాదు. రెండు, ప్రోత్సాహక బోనస్ ఉన్న బడుల్లో ఉపాధ్యాయులు అలాంటి నివేదికలను మెరుగ్గా ఉపయోగించుకున్న సూచనలు అదే అధ్యయనంలో ఉన్నాయి. అంటే ప్రేరణ పాత్రను తోసిపుచ్చలేం. అయినా ఒక్క విషయం గట్టిగా నిలుస్తుంది: తనిఖీ రోజు కనిపించే బోధనను బట్టి మిగతా రోజుల బోధనను అంచనా వేయకూడదు.

4. తోడ్పాటు కలిసినప్పుడు

4.1. అర్జెంటీనా, బెలీజ్, పరాగ్వే, పెరూ దేశాల్లో జరిగిన పది క్షేత్ర ప్రయోగాలను కలిపి విశ్లేషించిన అధ్యయనం 2019లో వెలువడింది. అన్వేషణ, సమస్యాధార బోధన వల్ల ఏడు నెలల తర్వాత విజ్ఞానంలో 0.14, గణితంలో 0.18 ప్రామాణిక విచలనాల మెరుగుదల కనిపించిందని అది చెబుతుంది. అంకెలు మధ్యస్థమే. అయితే ఆ కార్యక్రమాల్లో ఉపాధ్యాయుణ్ణి పుస్తకంతో వదిలేయలేదు. క్రమబద్ధమైన పాఠాలు, సామగ్రి, శిక్షణ కలిసి వచ్చాయి. మార్గదర్శనం లేకుండా పిల్లలను వాళ్ళంతట వాళ్ళు కనుక్కోమని వదిలేస్తే ఫలితం తక్కువన్న విమర్శ 2006 నుంచి విద్యా మనోవిజ్ఞానంలో బలంగా ఉంది. ఈ రెంటినీ కలిపి చదివితే, పని చేసేది మార్గదర్శనంతో కూడిన అన్వేషణ అనుకోవడం సముచితం.

4.2. హోషంగాబాద్ నమూనాలో శిక్షణ వేసవుల్లో వారాల తరబడి సాగేది. బడులు తెరిచాక నెలనెలా సమావేశాలు, బడికే వచ్చి తోడ్పడే అనుసరణ బృందాలు ఉండేవి. ఉపాధ్యాయుల అనుభవాన్ని బట్టి పుస్తకాలను తిరగరాసేవారు. పరీక్షలో పిల్లలను పుస్తకం తెరిచి చూసుకోనిచ్చేవారు. 2002లో రాష్ట్ర ప్రభుత్వం ఆ కార్యక్రమాన్ని నిలిపివేసింది. మూసివేతకు కారణం విద్యాపరమైనదా, పరిపాలనా సంబంధమైనదా, రాజకీయమైనదా అన్నదాని మీద కథనాలు వేరువేరుగా ఉన్నాయి. మూడు దశాబ్దాలు నిలిచిన కార్యక్రమం కూడా ఒక నిర్ణయంతో ఆగిపోగలదన్నది మాత్రం నిర్వివాదం. కాబట్టి తోడ్పాటు వ్యవస్థ ఏదైనా ప్రభుత్వ యంత్రాంగం రోజువారీ పనిలో భాగం కావలసి ఉంటుంది.

5. ఈ ప్రాంతం ఏం అడుగుతోంది?

5.1. కొల్లేటిని దేశంలోని అతిపెద్ద మంచినీటి సరస్సుల్లో ఒకటిగా పరిచయం చేయడం పరిపాటి. ఆ ఒక్క వాక్యంలోనే పరీక్షించవలసిన అంశాలు రెండున్నాయి. మొదటిది, ‘అతిపెద్ద’. 2002లో చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరినప్పుడు చూపిన విస్తీర్ణం 901 చదరపు కిలోమీటర్లు. 1999లో నోటిఫై అయిన అభయారణ్యం 308 చదరపు కిలోమీటర్లు. మూడో కాంటూరు, అంటే సముద్రమట్టానికి మూడు అడుగుల ఎత్తు రేఖ, వరకే లెక్కిస్తే సుమారు 135 అంటారు. వీటిలో ఏదీ అబద్ధం కాకపోవచ్చు. సముద్రమట్టానికి పది అడుగుల ఎత్తు వరకు నీరు నిండితే ఒక సరస్సు, అయిదు అడుగులైతే ఒకటి, మూడు అడుగులైతే మరొకటి. 2006లో అభయారణ్యంలోని చేపల చెరువుల గట్లు ప్రభుత్వం తెగ్గొట్టిన రోజులనూ, ఆ తర్వాత అభయారణ్యం హద్దును తక్కువ కాంటూరుకు తగ్గించాలని సాగిన వాదననూ చూసిన గ్రామాల పిల్లలకు ఈ అంకెల తేడా ఇంటి విషయమే.

5.2. రెండోది, ‘మంచినీటి’. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు తెచ్చే నీరు ఉప్పుటేరు ద్వారా సముద్రానికి పోతుంది. ఎండాకాలంలో ప్రవాహం తగ్గినప్పుడు ఉప్పునీరు ఎదురెక్కుతుంది. ఏ నెలలో, ఏ ఒడ్డున మంచినీరు అన్నది పరిశీలనతో తేలవలసినది.

5.3. నీటి విషయంలో ఆధారాల తూకం ఎంత అవసరమో ఏలూరు 2020 డిసెంబరులో చూసింది. 600 మందికి పైగా ఉన్నట్టుండి మూర్ఛ, స్పృహ తప్పడం వంటి లక్షణాలతో ఆస్పత్రుల పాలయ్యారు. రక్త నమూనాల్లో సీసం, నికెల్ ఉన్నట్టు ఎయిమ్స్ పరీక్షల ఆధారంగా ప్రకటన వెలువడింది; ఆ తర్వాత పురుగుమందుల అవశేషాల వైపు చూపిన నివేదికలూ వచ్చాయి. ఒకే ఘటనకు సంస్థలు వేరువేరు సూచనలు ఇచ్చినప్పుడు వాటిని ఎలా చదవాలన్న నేర్పు పౌరులకు కావాలి. దానికి పునాది ప్రాథమిక తరగతిలోనే పడాలన్న వాదనకు ఈ పట్టణమే సాక్ష్యం.

6. రెండు పాఠాలు దగ్గరగా

శిక్షణ తర్వాత బడిలో పక్కన ఉండి తోడ్పడే మెంటర్ అవసరం ఎక్కడ పడుతుందో తేల్చడానికి ఈ ప్రాంతంలో చేయదగిన రెండు పాఠాలను దశలవారీగా పరిశీలించవచ్చు.

6.1. గుర్రపు డెక్క. కాలువలో నుంచి నాలుగైదు మొక్కలు తెచ్చి, ఉబ్బిన కాడను నీళ్ళలో ముంచి వేళ్ళతో నొక్కితే బుడగలు వస్తాయి. అడ్డంగా కోస్తే లోపల స్పాంజి లాంటి గదులు కనిపిస్తాయి. ‘లోపల గాలి ఉంది మేడం, అందుకే తేలుతోంది’ అని పిల్లలు అనగలరు. శిక్షణలో చూపిన పాఠం సాధారణంగా ఇక్కడితో ముగుస్తుంది. కానీ దట్టంగా అల్లుకున్న చోటి మొక్కలనూ, విడిగా తేలే మొక్కలనూ పక్కపక్కన పెడితే కొత్త చిక్కు వస్తుంది: గుంపులోని మొక్కల కాడలు సన్నగా, పొడుగ్గా ఉంటాయి; విడిగా ఉన్నవాటి కాడలు బుడ్డల్లా ఉబ్బి ఉంటాయి. ‘మరి సన్నకాడ మొక్క ఎలా తేలుతోంది?’ అని ఒక పిల్ల అడిగితే పుస్తకంలో జవాబు దొరకదు. ఇక్కడ టీచర్‌కు కావలసింది ‘మీరేమనుకుంటున్నారు? ఎలా తేల్చుకుందాం?’ అని తిప్పి అడగగల ధైర్యం. ఒక్కో రకం కాడను సమాన పొడవు ముక్కలుగా కోసి నీళ్ళలో వేసి చూడడం, విడి మొక్కలను బకెట్‌లో కుక్కి కొన్ని వారాలు గమనించడం వంటి దారులు అప్పుడే తెరుచుకుంటాయి.

6.2. పళ్ళేలలో నీరు. బోరు నీరు, కాలువ నీరు, ఉప్పుటేటి నీరు మూడు పళ్ళేలలో సమానంగా పోసి ఎండలో పెడితే అడుగున తెల్లటి పొర మిగులుతుంది. ‘ఇది సముద్రపు ఉప్పు’ అని ముగించడం సహజం. అయితే బోరు నీటి పళ్ళెంలోనూ పొర మిగలవచ్చు. అది నీటి కాఠిన్యానికి కారణమైన లవణాలది కావచ్చు. ఇక్కడ ఉపాధ్యాయుడి పద్ధతి సరైనదే, నిర్ధారణ తొందరపాటు. పక్కన కూర్చుని చూసిన సహోపాధ్యాయుడు పాఠం తర్వాత ‘మాస్టారూ, బోరు నీళ్ళకి ఉప్పెక్కడిది?’ అని ఒక్క మాట అడిగితే మర్నాటి పాఠం సిద్ధమైనట్టే. కొద్ది రోజుల శిక్షణ ఆ ప్రశ్నను ముందే ఊహించి ఇవ్వలేదు.

ఈ రెండు ఉదాహరణల నుంచి ఒక తేడా తేలుతోంది. సామగ్రి, కృత్యం, దశలు శిక్షణలో అందించవచ్చు. పిల్లవాడి అనుకోని ప్రశ్నకు, తొందరపాటు నిర్ధారణకు ఎదురయ్యే ఘట్టం తరగతిలోనే పుడుతుంది. దాన్ని చూసినవారితోనే చర్చించగలం.

7. పరిపాలనా పటంలోని చిక్కు

7.1. 1986 జాతీయ విద్యా విధానం తర్వాత జిల్లాకొక విద్యా శిక్షణ సంస్థ, అంటే డైట్, ఏర్పడింది. పశ్చిమ గోదావరి డైట్ నల్లజర్ల మండలం దూబచర్లలో, కృష్ణా జిల్లా డైట్ గుడ్లవల్లేరు మండలం అంగలూరులో నెలకొన్నాయి. అంటే కొల్లేటికి ఒక ఒడ్డున భీమడోలు, నిడమర్రు ఉపాధ్యాయులకు దూబచర్ల, మరో ఒడ్డున కైకలూరు, మండవల్లి ఉపాధ్యాయులకు అంగలూరు మాతృసంస్థలు. సరస్సు ఒక్కటే అయినా దాని చుట్టూ పాఠాలు చెప్పేవారు చాలాకాలం రెండు వేరు శిక్షణ సంస్థల పరిధిలో ఉన్నారు.

7.2. 2022 ఏప్రిల్ 4 నాటి జిల్లాల పునర్విభజనలో కైకలూరు ప్రాంతం కొత్త ఏలూరు జిల్లాలో కలిసింది. తాడేపల్లిగూడెం, ఆకివీడు భీమవరం కేంద్రంగా ఉన్న పశ్చిమ గోదావరిలో నిలిచాయి. దూబచర్ల ఉన్న నల్లజర్ల మండలం తూర్పు గోదావరిలోకి వెళ్ళింది. ఫలితంగా ఏలూరు, తాడేపల్లిగూడెం ఉపాధ్యాయులకు దశాబ్దాలుగా తెలిసిన డైట్ రెవెన్యూ పటం ప్రకారం మూడో జిల్లాలో ఉంది.

7.3. అదే ఏడాది జూన్‌లో వచ్చిన 117వ నంబరు ఉత్తర్వు 3, 4, 5 తరగతులను అనేక చోట్ల ఉన్నత పాఠశాలలకు జోడించి, సబ్జెక్టు ఉపాధ్యాయుల చేత బోధింపజేయాలని సంకల్పించింది; 2025లో దాన్ని ఉపసంహరించారు. ఆ మధ్యకాలంలో పరిసరాల విజ్ఞానం ఎవరు చెప్పాలన్నదే మారుతూ వచ్చింది. ఇలా బోధించేవారు మారినప్పుడు వ్యక్తికి ఇచ్చిన శిక్షణ వ్యక్తితో పాటే వెళ్ళిపోతుంది. కొన్ని బడులను కలిపి ఏర్పరచిన స్కూల్ కాంప్లెక్స్‌లో నాటుకున్న అలవాటు మాత్రం మిగిలే అవకాశం ఉంది.

8. ఎదురు వాదనలు

(అ) ఏకోపాధ్యాయ, ద్వి ఉపాధ్యాయ బడుల్లో సహోపాధ్యాయుడు వచ్చి కూర్చోవడం అసాధ్యమన్న అభ్యంతరం బలమైనది. ఒకరు బయటికి వెళ్తే అక్కడ బడే ఆగిపోతుంది. అలాంటి చోట క్లస్టర్ రిసోర్స్ పర్సన్ (సీఆర్‌పీ) రాక, లేదా పాఠాన్ని ఫోన్‌లో చిత్రీకరించి కాంప్లెక్స్ సమావేశంలో చూడడం ప్రత్యామ్నాయం కావచ్చు. రెండోది మొదటిదానికి సమానమని చెప్పలేం. (ఆ) కాంప్లెక్స్ సమావేశాలు ఇప్పటికే ఉన్నాయన్నది మరో వాదన. నిజమే. అయితే వాటి సమయాన్ని నివేదికలు, యాప్‌లలో నమోదులు, ఉత్తర్వుల వివరణ తినేస్తే అవి మెంటరింగ్ సమావేశాలు కాలేవు. (ఇ) మెంటర్ తనిఖీదారుగా మారతాడన్న భయానికి 3.3లోని అధ్యయనం పరోక్షంగా మద్దతిస్తుంది: గమనింపు ఉన్నప్పుడు బోధన మారుతుంది, నేర్చుకోవడం మారకపోవచ్చు. అందువల్ల మెంటర్ రాతకూ ఉపాధ్యాయుడి సర్వీసు రికార్డుకూ సంబంధం ఉండకూడదు.

9. నిర్ధారణలు

పైన చూపిన ఆధారాల బలాన్ని బట్టి ఈ కింది మాటలు చెప్పవచ్చు.

i. శిక్షణ ఒక్కటే అన్వేషణాత్మక బోధనను తరగతిలో నిలబెట్టిందనడానికి తగిన ఆధారం కనిపించదు. కంటికి కనిపించే మార్పులు తెచ్చిందనడానికి ఆధారం ఉంది.

ii. మార్గదర్శనం, సామగ్రి, నిరంతర చర్చ కలిసిన చోట ఫలితం మెరుగన్నది ఎక్కువ సంభావ్యత గల ప్రతిపాదన. ఈ ప్రాంతంలో అది ఇంకా పరీక్షకు నిలవాలి.

iii. ఆ పరీక్షకు కొత్త సంస్థ అక్కర్లేదు. కొల్లేటి చుట్టూ ఉన్న కొన్ని కాంప్లెక్సులు, జిల్లా హద్దులతో నిమిత్తం లేకుండా, నెలకొక పాఠాన్ని ఉమ్మడిగా ఎంచుకుని, అందరూ బోధించి, పిల్లలు వేసిన ప్రశ్నలను యథాతథంగా రాసుకొచ్చి సమావేశంలో మొదటి గంట వాటికే ఇస్తే చాలు. పోలిక కోసం మామూలుగా నడిచే కాంప్లెక్సులు ఎలాగూ ఉంటాయి.

iv. కొలమానం గోడ మీది చార్టుల సంఖ్య కాకూడదు. ఏడాది మొదట్లో, చివర్లో పిల్లలు వేసిన ప్రశ్నల్లో పరీక్షించి తేల్చుకోదగినవి ఎన్ని ఉన్నాయన్నది మెరుగైన సూచిక కావచ్చు.

శిక్షణ దినాలను లెక్కపెట్టడం సులువు కాబట్టే ఇన్నేళ్ళూ వాటినే లెక్కపెట్టాం. కొల్లేటి ఒడ్డున పాఠం చెప్పే ఉపాధ్యాయుడికి ప్రశ్నలకు కొదవ లేదు. ఆ ప్రశ్నలను తోటివారితో కూర్చుని విప్పుకునే సమయానికే కొదవ. ఆ సమయాన్ని ఉత్తర్వు ద్వారా కేటాయించి, కాపాడడం విద్యాశాఖ చేతిలో ఉన్న పని. ఇప్పటిదాకా దొరికిన సాక్ష్యం అటువైపే మొగ్గుతోంది.